తొంబది మైళ్ల కడలి

భూగోళపటమున ఉత్తర అమెరికా ఖండపు ఆగ్నేయమూలను చూచినచో ఫ్లోరిడా ద్వీపకల్పము సముద్రములోనికి వ్రేలాడుచున్నట్లు కనబడును. దాని కొనయందలి కీ వెస్ట్ అను చిన్న దీవికిని, దక్షిణముననున్న క్యూబా ద్వీపమునకును నడుమ రమారమి 90 మైళ్ల సముద్రము కలదు. మన బెజవాడనుండి రాజమహేంద్రవరము ఎంత దూరమో అదియు నంతే. ఉదయమున రైలెక్కినవాడు మధ్యాహ్నభోజనమునకు బంధువుల యిల్లు చేరును. అయినను ఈ 90 మైళ్ల నీటిని దాటిపోయిన లక్షలాది జనులలో ననేకులు మరల స్వగ్రామమును చూడకయే కన్ను మూసిరి.

ఈ సంగతి తరగతిలో చెప్పుచుండగా నొక బాలిక లేచి, "మాష్టారూ, దేశము విడిచి సుఖముగా నున్నవారికి ఆ దేశపు గొడవలతో నేమి పని?" యని యడిగెను. ప్రశ్న మంచిది. పెద్దలలోను ననేకులకు ఈ సందేహము కలదు. మన గోదావరి, కడప జిల్లాలనుండి కువైటునకు పోయినవారు రెండు మూడేండ్లకొకసారి సెలవుమీద వచ్చి, తల్లిదండ్రులను చూచి, ఇంటికి కప్పు వేయించి, మరల పోవుచుందురు. వెళ్లిన త్రోవను తిరిగివచ్చుటకు వీలులేనివాని సంగతి వేరు. అతడు విడిచిన యిల్లు అతని మనస్సులో నెన్నడును పాతబడదు. సెలవులలో ఈ విషయమై చదివినదానిని, నాకు తోచినదానిని, ఇచ్చట వ్రాయుచున్నాను.

క్యూబావారికి ప్రవాసము క్రొత్తది కాదు. ఫెలిక్స్ వరేలా యను గురువు 1788లో హవానాలో జన్మించి, అచ్చటి సాన్ కార్లోస్ సెమినరీలో తత్త్వశాస్త్రము బోధించుచుండెను. స్పెయిను శాసనసభకు ప్రతినిధిగా పోయి, బానిసత్వమును రద్దుచేయవలెననియు, క్యూబాకు స్వపరిపాలన యొసగవలెననియు కోరెను. 1823లో స్పెయిను రాజు నిరంకుశాధికారమును మరల చేకొనగనే ఆయనకు మరణశిక్ష విధింపబడెను. ఆయన తప్పించుకొని అమెరికా చేరి, పత్రికను ముద్రించి దొంగచాటుగా క్యూబాకు పంపుచు, న్యూయార్కునందు ఐర్లండునుండి వలసవచ్చిన బీదలకు పరిచర్య చేయుచు కాలము గడపి, 1853లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ పట్టణమున మృతినొందెను. ముప్పది యేండ్లలో నొక్కసారియు స్వదేశమును చూడలేదు.

పిమ్మట వచ్చిన హోసె మార్తీ న్యూయార్కునుండి టాంపాకును, కీ వెస్టునకును పోయి, పొగాకు కార్ఖానాలలో చుట్టలు చుట్టు క్యూబా కార్మికుల నడుమ ఉపన్యసించెను. ఆ కార్ఖానాలలో నొక చక్కని యాచారముండెడిది. పనివారు తమ కూలినుండి తలకింత వేసికొని యొక చదువరిని నియమించుకొనెడివారు. అతడు ఎత్తైన పీటపై కూర్చుండి వార్తాపత్రికలును నవలలును బిగ్గరగా చదువుచుండగా, క్రింద వందలకొలది చేతులు ఆకు చుట్టుచుండెడివి. అక్షరము రానివాడుకూడ లోకవృత్తాంతము నెరిగియుండెడివాడు. (మన గుంటూరు సీమలో పొగాకు ఏరు స్త్రీలకు ఇట్టి చదువరి యొకడుండినయెడల నెంత బాగుండునో యని నాకు తోచినది.) ఈ కార్మికుల చందాలే 1895 నాటి క్యూబా స్వాతంత్ర్యసమరమునకు మూలధనములో గొప్ప భాగము. కీ వెస్టునందు క్యూబా ప్రవాసులు 1871లోనే సాన్ కార్లోస్ అను పాఠశాలను నెలకొల్పుకొనిరి.

1959 జనవరి 1వ తేదీన నియంతయగు బతిస్తా పారిపోగా ఫిదెల్ కాస్త్రో పక్షమువారు అధికారము చేకొనిరి. జనులు సంతోషించిరి. 1961లో సుమారు లక్షమంది బాలబాలికలు లాంతరులు పట్టుకొని పల్లెలకు పోయి రైతులకు అక్షరములు నేర్పిరి. ఉపాధ్యాయుడనైన నేను ఆ పనిని తక్కువచేసి మాటలాడజాలను. కాని యదే సంవత్సరము దేశములోని ప్రైవేటు పాఠశాలలన్నియు, మిషను పాఠశాలలతో సహా, ప్రభుత్వపరమయ్యెను. స్వతంత్రపత్రికలు అంతకుముందే మూతపడెను. వాగ్దానము చేసిన యెన్నికలు రాలేదు. చదువను నేర్పినవారే ఏది చదువవలెనో ఏది చదువరాదో నిర్ణయింప మొదలిడిరి. 1960 మొదలు 1962 వరకు తల్లిదండ్రులు 14,000 మందికి పైగా బిడ్డలను ఒంటరిగా విమానమెక్కించి మయామీకి పంపిరి. అచ్చట నొక కాథలిక్కు గురువు వారికి ఆశ్రయము కూర్చెను. తుదకు తల్లిదండ్రులను కలిసికొన్నవారు పెక్కండ్రు. కొందరికి ఏండ్లు పట్టెను. తరువాత 1980లో మరియెల్ రేవునుండి సుమారు 1,25,000 మంది పడవలలో దాటిరి. 1994లో తెప్పలు కట్టుకొని బయలుదేరినవారు ముప్పది వేలకు మించిరి.

ప్రవాసులందరును శాంతపరులని నేను వ్రాయను. 1961 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు అండతో సుమారు 1,400 మంది ఆయుధములతో దిగి మూడు దినములలో నోడిపోయిరి. 1976 అక్టోబరు 6వ తేదీన క్యూబా విమానమొకటి బాంబులచే సముద్రములో కూలగా అందలి 73 మందియు చనిపోయిరి. వారిలో కత్తిసాము పందెములలో గెలిచి యింటికి పోవుచున్న పడుచువాండ్రుండిరి. ఆ ఘోరమునకు ప్రవాసులలోని తీవ్రవాదులపై నింద వచ్చెను. ఏ న్యాయము పేరిటనైనను అట్టి కార్యము న్యాయము కానేరదు.

అదే 1976లో హవానాలో రికార్దో బొఫిల్ మొదలగువారు కొలదిమంది చేరి మానవహక్కుల సంఘమొకటి స్థాపించిరి. వారియొద్ద తుపాకి లేదు. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కుల పత్రమొక్కటియే వారి యాధారము. ఆ పత్రమునకు అనుకూలముగా వోటిచ్చిన దేశములలో క్యూబాయు నొకటి. ఇచ్చటనే ప్రవాసులకు నిజమైన పని దొరకెను. లోపలివారు తెలిపిన సంగతులను ఈవలివారు వ్రాసికొని లోకమునకు తెలుపుచుండిరి. హవానాలో నొకని నరాత్రివేళ పట్టుకొనిపోయినచో, ఆ వార్త మయామీకి టెలిఫోనులో చేరి, అచ్చటి రేడియోద్వారా తిరిగి క్యూబాలోని యిండ్లలోనే వినబడెడిది. 1994లో మయామీయందు వెలసిన క్యూబానెట్ అను వార్తాసంస్థ ఇట్లే లోపలి స్వతంత్ర విలేకరుల వ్రాతలను ప్రకటింప మొదలిడెను.

వీరందరిలో నా మనస్సును పట్టినది ఆర్మాండో వల్లదారెస్ భార్యయగు మార్తా కథ. వల్లదారెస్ తపాలా సేవింగ్సు బ్యాంకులో గుమాస్తా. ప్రభుత్వనాయకుని కొనియాడు పలకను తన బల్లపై నుంచుటకు ఒప్పుకొనకపోవుటచే తనకు కష్టములు మొదలయ్యెనని ఆయన వ్రాసికొనెను. 1960 డిసెంబరులో, 23 యేండ్ల ప్రాయమున, చెరలో పడెను. ప్రభుత్వమువారు ఆయన కథనమును ఒప్పుకొనలేదు. మార్తా చెరలోనున్న తన తండ్రిని చూడబోయి, ఇతని నెరిగి, చెరసాలలోనే వివాహమాడెను. పిమ్మట దేశము విడిచి, భర్త రహస్యముగా పంపిన పద్యములను అచ్చువేయించి, దేశదేశములు తిరిగి, మంత్రుల వాకిండ్లలోను పత్రికాకార్యాలయములలోను కనిపెట్టుకొనియుండెను. 1982లో ఫ్రాన్సు అధ్యక్షుడు మితెరాఁ కలుగజేసికొనగా భర్త 22 యేండ్ల తరువాత విడుదలయ్యెను. ఆమె హవానాలోనే యుండిపోయినయెడల ఆ వాకిండ్లను ఎవరు తట్టియుందురు? బాలిక ప్రశ్నకు ఇది కొంత యుత్తరమని తలంచుచున్నాను.

కాని ప్రశ్నకు రెండవ ప్రక్క కలదు. ఈవలినుండి చేసిన సహాయమే లోపలివారి మెడకు ఉరియైన సందర్భములున్నవి. ఓస్వాల్దో పయా యను కాథలిక్కు విశ్వాసి 1988లో క్రైస్తవ విమోచనోద్యమమును స్థాపించెను. 10,000 మంది పౌరులు కోరినచో శాసనసభలో ప్రతిపాదన తేవచ్చునని క్యూబా రాజ్యాంగములోనే యుండెను. ఆ మాటను పట్టుకొని పయా అనుచరులు ఇల్లిల్లు తిరిగి, వరేలా గురువు పేరు పెట్టిన యొక విన్నపముపై, పేరును గుర్తింపుసంఖ్యయు దాచకుండ, 11,020 సంతకములు సేకరించి 2002 మే 10వ తేదీన సభకు సమర్పించిరి. సంతకము చేసినవానికి ఉద్యోగము పోవచ్చును. బిడ్డల చదువు పోవచ్చును. అయినను చేసిరి. ప్రభుత్వము ఆ విన్నపమును త్రోసివేసి, సామ్యవాదము మార్చరానిదని రాజ్యాంగమునే సవరించెను.

మయామీలో కొందరు పెద్దలు ఈ విన్నపమును మెచ్చుకొనలేదు. కాస్త్రో రాజ్యాంగమును ఒప్పుకొని యర్జీ పెట్టుట లొంగిపోవుటయే యని వారు వాదించిరి. చల్లని గదిలో కూర్చుండి ఆ మాట యనుట సులభమని నా యభిప్రాయము. 2003 జనవరిలో పయా స్వయముగా మయామీకి పోయినప్పుడు ఆదరించినవారును, ముఖము చాటువేసినవారును నుండిరి.

ఆ మార్చి నెలలోనే 75 మంది పట్టుబడిరి. వారిలో విన్నపమునకు పనిచేసినవారు, విలేకరులు, తమ యిండ్లలో గ్రంథాలయములు నడుపువారు గలరు. 6 మొదలు 28 సంవత్సరముల వరకు శిక్షలు పడెను. అమెరికాకు తోడ్పడువారిని శిక్షించుటకు 1999లో చేసిన 88వ చట్టము చేత నుండెను గనుక, బయటినుండి వచ్చిన డబ్బును రేడియోలును సాక్ష్యముగా చూపబడెను. సహచరులని నమ్మినవారిలోనే కొందరు పోలీసు గూఢచారులై సాక్ష్యము చెప్పిరి. ప్రవాసి తన జీతమునుండి ఖైదీ భార్యకు పంపిన పదిరూకలకును, అమెరికా ప్రభుత్వపు బొక్కసమునుండి వచ్చిన సొమ్మునకును ఆ చట్టము భేదము చూడలేదు. అయితే ఆ బొక్కసపు సొమ్ముకూడ సరిగా చేరలేదు. కొన్ని సంఘములు దానితో ఖరీదైన ఉన్నిబట్టలును, చాకొలెట్లును, పిల్లల ఆటయంత్రములును కొన్నట్లు 2006లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీవారే వెల్లడించిరి. చెరలోనున్నవాని పేరు చెప్పి తెచ్చిన సొమ్ము ఎంత జాగ్రత్తగా ఖర్చుపెట్టవలెను!

75 మందిలో నొకని భార్య లౌరా పొయాన్ సాహిత్యము బోధించు ఉపాధ్యాయిని. ఆమెయు తక్కిన ఖైదీల భార్యలును ప్రతి ఆదివారము హవానాలోని సాంతా రీతా దేవాలయమున ఆరాధన ముగియగానే తెల్లబట్టలు ధరించి, చేత గ్లాడియోలస్ పువ్వు పట్టుకొని, మాటలాడక వీథిలో నడచెడివారు. అల్లరిమూకలు చుట్టుముట్టి తిట్టుచున్నను నడక మానలేదు. 2010 ఫిబ్రవరిలో ఒర్లాండో జపాతా యను ఖైదీ నిరాహారదీక్షలో మరణించెను. మరుసటి నెల 25వ తేదీన ప్రవాసగాయని గ్లోరియా ఎస్తెఫాన్ ముందు నడువగా వేలకొలది జనులు తెల్లబట్టలతో మయామీ వీథిలో నడచిరి. ఆ సంవత్సరమే హవానా కార్డినలు మధ్యవర్తిత్వమున మిగిలిన ఖైదీలు విడుదల కాసాగిరి. పెక్కండ్రను స్పెయినునకు పంపివేసిరి. లౌరా 2011లో హవానాలోనే మరణించెను. మరుసటి యేట జూలై 22న పయా కారు ప్రమాదములో మృతినొందెను. నడిపినవాని తప్పని క్యూబా న్యాయస్థానము తేల్చెను. అది రాజ్యము బాధ్యత వహింపవలసిన మరణమని అమెరికా ఖండముల మానవహక్కుల కమీషను 2023లో నిర్ణయించెను. పయా కుమార్తె రోసా మరియా 2013లో మయామీ చేరి, తండ్రి పనిని ఈవలి యొడ్డునుండి సాగింప మొదలిడెను.

2021 ఫిబ్రవరిలో కొందరు గాయకులు కలిసి యొక పాట కట్టిరి. దేశమో మరణమో యను పాత ప్రభుత్వనినాదమునకు బదులుగా దానికి "దేశము, జీవము" అని పేరు పెట్టిరి. కొందరు మయామీలోను, మాయ్కెల్ ఒసోర్బో మొదలగువారు హవానాలోను నుండి పాడిరి. జూలై 11న క్యూబా పట్టణములలో వేలకొలది జనులు వీథులకెక్కినప్పుడు ఈ పాట పేరు వారి నోట నుండెను. వెయ్యిమందికి పైగా పట్టుబడిరి. నవంబరులో లాస్ వేగస్ నగరమున ఆ పాటకు ఆ యేటి మేటి పాట యను లాటిన్ గ్రామీ బహుమానము వచ్చెను. మయామీనుండి వచ్చినవారు వేదికనెక్కి దానిని పుచ్చుకొనిరి. ఒసోర్బో మే నెలనుండియు చెరలోనుండెను. మరుసటి యేట ఆయనకు తొమ్మిదేండ్ల శిక్ష పడెను.