ఎర్ర డబ్బా, నీలి డబ్బా

2007లో అమెరికాలో ఏ పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లినా సినిమా డిస్కుల అరల్లో రెండు రంగులు కళ్లబడేవి. ఎర్ర డబ్బాలు హెచ్‌డీ డీవీడీలు, నీలి డబ్బాలు బ్లూ-రేలు. ఎర్రవాళ్లకి తోషిబా పెద్ద దిక్కు, పక్కన ఎన్ఈసీ, మైక్రోసాఫ్ట్. నీలివాళ్లకి సోనీ పెద్ద దిక్కు, పక్కన పానసోనిక్, ఫిలిప్స్, శామ్‌సంగ్. వీళ్ల డిస్కు వాళ్ల ప్లేయర్లో ఆడదు. కొత్తగా ఫ్లాట్ టీవీ కొన్నవాళ్లు ఆ అరల ముందు ఆగి, ఓ డబ్బా తీసి, వెనకున్న సన్నక్షరాలన్నీ చదివి, ఎక్కడిదక్కడ పెట్టేసి, మామూలు డీవీడీ ఒకటి కొనుక్కుని ఇంటికి పోయేవాళ్లు.

ఎంత చదివినా తేలేది కాదు మరి. రెండింట్లోనూ 1080 గీతల బొమ్మే. రెండింటినీ చదివేది 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరే. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. కాంతి తరంగం పొట్టిదయ్యేకొద్దీ డిస్కులో గుంటల్ని సన్నగా, ఒత్తుగా వేసుకోవచ్చు, అందుకే అంత సినిమా పట్టింది. కొన్నాళ్లు రెండు రంగుల్లోనూ డిస్కులు వేసిన వార్నర్ సంస్థ చాలా సినిమాలకి ఒకే ఎన్‌కోడింగ్‌ని అటూ ఇటూ వాడేసేది. అంటే రెండు టీవీలు పక్కపక్కన పెట్టి చూసినా తేడా చెప్పడం కష్టం.

అసలు తేడా పైపొర మందంలో ఉంది. హెచ్‌డీ డీవీడీలో సమాచారం డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. లెన్సు అంత దగ్గరగా చూస్తుంది కాబట్టి లేజర్ చుక్క ఇంకా సన్నబడుతుంది, ఒక్కో పొరకి 25 జీబీ పడుతుంది. ఎర్రదానికి 15 జీబీయే. కానీ పైపొర అంత పల్చనైతే చిన్న గీతకే డిస్కు పాడైపోతుంది, అందుకని బ్లూ-రేకి గట్టి పూత ప్రత్యేకంగా వేయాల్సొచ్చింది. ఎర్ర డిస్కునేమో పాత డీవీడీ యంత్రాల మీదే కాస్త మార్పులతో అచ్చు వేయొచ్చు. తోషిబా వాదన చవక, సోనీ వాదన చోటు. ఎవరి మాటా అబద్ధం కాదు.

2006 ఏప్రిల్లో అమెరికాలో అమ్మకానికొచ్చిన తోషిబా హెచ్‌డీ-ఏ1 ధర 499 డాలర్లు. మూత విప్పితే లోపల ఓ పెంటియం 4 ప్రాసెసర్, ఒక జీబీ మెమరీ, లినక్స్. డిస్కు ప్లేయర్ వేషం కట్టిన కంప్యూటర్ అన్నమాట. బటన్ నొక్కాక మేలుకోవడానికి దాదాపు నిమిషం పట్టేది. జూన్‌లో వచ్చిన శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయర్ 999 డాలర్లు. తోషిబాదానికి రెట్టింపు!

ఇక స్టూడియోల సంగతి. అది మన అసెంబ్లీ రాజకీయాలకి తీసిపోదు. యూనివర్సల్ ఎర్ర జెండా వదల్లేదు. డిస్నీ, ఫాక్స్ నీలి జెండా. సోనీకి సొంత స్టూడియోనే ఉంది. పారామౌంట్, వార్నర్ గోడ మీద పిల్లులు. 2007 ఆగస్టులో పారామౌంట్ గోడ దూకి ఎర్ర పక్షంలో చేరింది, డ్రీమ్‌వర్క్స్‌నీ వెంట తీసుకెళ్లింది. ఇందుకు 15 కోట్ల డాలర్ల మేర ప్రోత్సాహకాలు ముట్టాయని అమెరికా పత్రికలు రాశాయి. 'ట్రాన్స్‌ఫార్మర్స్' దర్శకుడు మైకేల్ బే తన సినిమా నీలి డిస్కు మీద రాదని తెలిసి బాహాటంగానే మండిపడ్డాడు, తరవాత చల్లబడ్డాడు. ఆ ఏడాది చివర్లో 'ట్రాన్స్‌ఫార్మర్స్' కావాలంటే ఎర్ర పెట్టె, 'స్పైడర్‌మ్యాన్ 3' కావాలంటే నీలి పెట్టె. రెండూ ఒకే ఇంట్లో పిల్లాడికి కావాలంటే తండ్రి జేబుకి చిల్లే.

ఆ ఏడాది నవంబరులో వాల్‌మార్ట్ తోషిబా హెచ్‌డీ-ఏ2ని ఓసారి 98.87 డాలర్లకే అమ్మింది. మా రూమ్మేట్ తెల్లారకముందే వెళ్లి ఒకటి పట్టుకొచ్చాడు.

"ఓడిపోయే గుర్రం మీద పెట్టావు మామా," అన్నాను.

"గుర్రం కాదురా, సినిమా కొన్నాను. పైగా దీనికి రీజియన్ గొడవ లేదు. రేపు ఇండియాకి పట్టుకెళ్లినా ఏ ఎర్ర డిస్కైనా ఆడుతుంది."

"నూటపది వోల్టుల పెట్టె అక్కడ పెడితే పొగ ఆడుతుంది."

"స్టెప్‌డౌన్ కొంటాలే!"

వాడన్నది నిజమే. బ్లూ-రేకి ప్రపంచాన్ని మూడు ముక్కలుగా కోశారు. అమెరికా ఏ, ఇండియా సి. అమెరికాలోని ఎడిసన్‌లో కొన్న డిస్కుకి రీజియన్ తాళం ఉంటే ఏలూరులో ఆడదు. హెచ్‌డీ డీవీడీకి ఆ తాళమే పెట్టలేదు. సూట్‌కేసు నిండా డిస్కులు మోసుకెళ్లే మనవాళ్లకి అది చిన్న సుఖం కాదు.

అయినా యుద్ధం తేలింది రీజియన్ల మీదా కాదు, గుంటల మీదా కాదు. 2006 నవంబరులో వచ్చిన సోనీ ఆటల పెట్టె ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవ్ పుట్టుకతోనే ఉంది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌కి ఎర్ర డ్రైవ్ కావాలంటే విడిగా 199 డాలర్లు పెట్టాల్సొచ్చేది. ఆట కోసం పెట్టె కొన్న లక్షల ఇళ్లలోకి నీలి డిస్కు ఎవరూ ఎంచుకోకుండానే దూరిపోయింది. 2008 జనవరి 4న వార్నర్ కూడా గోడ దిగి నీలివైపు నడిచింది. రెండు రోజుల్లో లాస్‌వేగస్‌లో జరగాల్సిన తమ విలేకరుల సమావేశాన్ని ఎర్రవాళ్లు రద్దు చేసుకున్నారు. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ ఒకరి తరవాత ఒకరు నీలివైపు మొగ్గారు. 19న తోషిబా చేతులెత్తేసింది. మొదటి పెట్టె అమ్మి రెండేళ్లు కూడా నిండలేదు.

కొన్నవాళ్లంతా మునిగిపోయారని అప్పట్లో అందరం జాలిపడ్డాం. లెక్క వేస్తే అంత జాలి అక్కర్లేదు. బెస్ట్ బై తన దగ్గర ఎర్ర ప్లేయర్ కొన్నవాళ్లకి 50 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చింది. వార్నర్ ఆ తరవాత తన ఎర్ర డిస్కులకి బదులు నీలి డిస్కులు ఇచ్చింది, ఒక్కోదానికి 4.95 డాలర్లు, పోస్టు ఖర్చులు అదనం. తోషిబా మానేసిందని మా వాడి పెట్టె ఆగిపోలేదు. పాత డీవీడీలని కూడా అది కొత్త టీవీకి సరిపడేలా సాగదీసి బాగా చూపించేది. షాపులు ఎర్ర డిస్కుల్ని వదిలించుకుంటున్న రోజుల్లో వాడు బస్తాల్లో తెచ్చుకున్నాడు. ఎవరు గెలుస్తారో తేలాక కొందామని ఆగినవాళ్లు ఆ చలికాలమంతా ఆగుతూనే ఉన్నారు.

వాళ్లు ఆగిన ఫలం కూడా విచిత్రమే. ఈ రెండు రంగుల రగడ నడుస్తుండగానే, 2007 జనవరిలో, నెట్‌ఫ్లిక్స్ ఇంటర్నెట్ మీద సినిమాలు చూపడం మొదలుపెట్టింది. గెలిచినవాడి గద్దె కిందే మంట రాజుకుందన్నమాట. బ్లూ-రే ప్లేయర్ మొట్టమొదట అమెరికాకి తెచ్చిన శామ్‌సంగే 2019లో అక్కడ కొత్తవి తేవడం మానుకుంది. బెస్ట్ బై 2024లో సినిమా డిస్కులు అమ్మడమే ఆపేసింది. గెలిచేదేదో ముందే పసిగట్టి కొన్నామని మీసం మెలేసినవాళ్లకీ దక్కింది ఇంతే.

ఓడినవాడి మంచి మాత్రం ఊరికే పోలేదు. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే డిస్కులకి రీజియన్ తాళం లేదు. ఎర్ర డబ్బా ముందే ఇచ్చిన స్వేచ్ఛ పదేళ్లకి నీలివాళ్ల చేతుల మీదుగా అందింది. ఇప్పుడు వాటి మీదా బొమ్మ వెలుగునీ రంగునీ చూపే పద్ధతుల్లో పోటీ, డాల్బీ విజన్ ఒకవైపు, హెచ్‌డీఆర్10ప్లస్ ఒకవైపు. ఏది నిలుస్తుందో చూసి కొంటామని మళ్లీ ఆగేవాళ్లున్నారు. నన్నడిగితే ఫార్మాట్ జాతకం చూడడం దండగ. ఈ ఏడాది చూడాలనుకున్న సినిమాల పేర్లు ఓ కాగితం మీద రాసుకోండి. అవి ఎక్కువగా ఏ డిస్కు మీద దొరికితే ఆ పెట్టె కొనండి, రేటు మీ జేబుకి ఆనితేనే. కంపెనీ రేపు చేతులెత్తేసినా ఆ కాగితంలోని సినిమాలన్నీ మీరు చూసేసి ఉంటారు.