నాన్న కారు

గుడివాడ దగ్గర పల్లెలో గొడ్లపాకలో మూలుగుతున్న 1985 నాటి ప్రీమియర్ పద్మినిని ఆ కొడుకు విజయవాడ ఆటోనగర్‌కు తెచ్చాడు. జనం ఫియట్ అనే పిలిచిన బండి. అది వాళ్ల నాన్నది. 1966లో వెలసిన ఆటోనగర్‌లో దొరకని సామాను ఉండదంటారు. తలుపు రబ్బర్లకే మూడు వారాలు తిరగాల్సి వచ్చింది! డెల్టా తేమకు అడుగు రేకు జల్లెడైపోయింది.

"తుక్కు కింద ఇచ్చేయండి బాబూ" అన్నాడు మేస్త్రీ. అన్నాడే గానీ, స్టీరింగు కిందున్న గేరు కడ్డీని వదల్లేదు. పని నేర్చుకున్నది ఈ బళ్ల మీదేనట.

2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు యాభై ఏళ్లు నిండాలి. అంటే 2035. అమ్మకు ఇప్పటికే డెబ్బై ఎనిమిది.

నాలుగు నెలలకు ఇంజను పలికింది. ముందు సీట్లో కూర్చున్న అమ్మ, "వీధి మలుపులో మీ నాన్న కొట్టినట్టు హారన్ కొట్టరా" అంది.

హారనొక్కటే ఇంకా బాగవలేదు.