పోగు ఎక్కడ తెగిందో అడగాల వదినా

ఏం వదినా, రాత్రి పన్నెండైనా మీ ఇంట్లో లైటు ఆరలేదే! చిన్నోడు అన్నం కూడా తినలేదంట గదా, పాలకాడ మీ అత్త చెప్పింది. పెనుకొండ కాడి కంపెనీవాళ్లు వద్దన్నారంటనే. ఆ మిరపకాయల చాట కొంచెం పక్కకు జరుపు, ఒక మాట చెప్తా.

మావోడికీ ఇట్లే అయింది, డిప్లొమా అయిపోయిన ఏడు. 2019లో ఎర్రమంచి కాడ కియా వాళ్లు కార్లు చేయబట్టినప్పటి నుంచి మన పిల్లోళ్లందరి కన్నూ అటే గదా. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసేంత ఫ్యాక్టరీ, దానికి సామాన్లు చేసిచ్చే కంపెనీలు చుట్టూరా. ఇంత దగ్గర్లో పెట్టుకుని ఆశపడొద్దంటే ఎట్ల? అట్లాంటి చిన్న కంపెనీ ఒకటి, పేరెందుకులే, మావోణ్ని వద్దనింది. మెయిలులో రెండే లైన్లు. మూడు రోజులు మంచం దిగలేదు వాడు.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేసినోడు, నీకు తెలుసు గదా. ఆసామి చీర పరిచి, లోపమున్న చోట వేలు పెట్టి చూపించేవాడంట. ఇక్కడ పేక తప్పింది, ఇక్కడ జరీ వదులైంది అని. కూలి కోసినప్పుడు మా అమ్మ ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఏం తప్పో తెలుసుకుని ఇంటికొచ్చేవాడు నాయన, మళ్లీ చీరలో ఆ తప్పుండేది కాదు. ఇప్పుడు కంపెనీలు చీర తిప్పి పంపుతాయి గానీ వేలు పెట్టి చూపించవు. తెల్లారుజామున లేచి, చొక్కా ఇస్త్రీ చేసుకుని రైలెక్కి పోయిన పిల్లోడికి ఒక్క కారణం చెప్పడం వాళ్లకు బరువా? అది వాళ్లు పడిన బాకీ అంటాను నేను. చెప్పకపోతే మనమే అడగాల.

మావోడు నాలుగో రోజు మెయిలు పెట్టినాడు. నన్నెందుకు తీసుకోలేదని కాదు వదినా, అట్ల రాస్తే కొట్లాటకొచ్చినట్లుంటుంది. పిలిచినందుకు సంతోషం సార్, నేనేం నేర్చుకోవాల, మళ్లీ ఎప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇంతే. వారానికి ఫోనొచ్చింది. అది క్వాలిటీ చెకింగ్ ఉద్యోగం. వెర్నియర్ కాలిపర్స్ చేతికిచ్చి కొలవమన్నారంట. దవడలు మూసినా సున్నా గీతలు కలవలేదు, వెర్నియర్ సున్నా కుడి పక్కకు జరిగుంది. ఆ తేడాను కొలతలోంచి తీసేయాల, వీడు కలిపినాడు. కంగారులో అంత పనైంది!

తూమకుంటలో ఒక షాపులో అప్రెంటిస్‌గా చేరినాడు. ఓనరు దగ్గర పాత కాలిపర్స్ అడిగి తెచ్చుకుని, రాత్రయితే ఇంట్లో ఒక్క వస్తువునూ వదల్లేదు. నా గాజు, చెంబు మూత, పది రూపాయల బిళ్ల. బిళ్ల 27 మిల్లీమీటర్లు వచ్చేదాకా నిద్రపోలేదు ఒకనాడు.

ఆరు నెలలకు అదే కంపెనీకి పోయినాడు. ముందొకసారి వచ్చిపోయిన సంగతి దాచొద్దన్నాను నేను. వాళ్ల కాడ రాసిపెట్టుకునే ఉంటారు, దాస్తే నమ్మకం పోతాది. పోయినసారి ఇక్కడ తప్పినాను సార్, ఇదిగో ఇట్ల నేర్చుకున్నాను అన్నాడంట. తీసుకున్నారు.

అందరికీ ఇట్లే అవుతుందని చెప్పను వదినా. ఒక్క ఉద్యోగానికి అంతమంది పిల్లోళ్లు వస్తే, తప్పేం లేకపోయినా మిగిలిపోయేవాళ్లుంటారు. అదన్నా తెలిస్తే చిన్నోడు తనను తాను తిట్టుకోడు గదా.

మావోడు ఆరున్నరకు డ్యూటీ దిగి వస్తాడు, చిన్నోణ్ని పంపు. ఇద్దరూ కూర్చుని ఆ మెయిలు రాస్తారు. ఇదిగో, ఉగ్గాని గిన్నె అందుకో, వేడిగా ఉండాది. వాడు లేస్తానే ముందు తినిపించు.