వెనుక దీపము

మోటారుసైకిలు నడపువారికి తమ వెనుకదీపము కనబడదు. వెనుక వచ్చు లారీవానికి కనబడవలెను. మా నాయనగారి బండికి తంతిబల్బుండెడిది: మామూలుగా 5 వాట్లు, బ్రేకు నొక్కిన 21 వాట్లు. తంతి కాగి పూర్తిగా వెలుగుటకు సుమారు సెకనులో అయిదవవంతు పట్టును. స్వల్పమే కదా యని నవ్వవలదు! గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ యాలోపల మూడు మీటర్లకు పైగా సమీపించును. ఎల్.ఇ.డి. దీపమో, తక్షణమే వెలుగును. అదియే పెట్టించితిమి. అంగడివారు తెల్లదానిని చూపిరి గాని, యెఱ్ఱమూత తెల్లకాంతిలో హెచ్చుభాగమును మ్రింగివేయును గనుక నెఱ్ఱదానినే కోరితిమి. మామూలు వెలుగునకును బ్రేకు వెలుగునకును భేదము స్పష్టముగా నుండవలెను. కొన్ని చౌకదీపములలో నదియే లోపము. బ్రేకు నొక్కించి, వీధిచివర నిలిచి చూచితిమి. అంతదూరమునకును భేదము తెలిసినది. అమ్మ మాత్రము కన్నులు చెదరుచున్నవనెను.