కాలేబు ఖాతా

శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో మేము మోకాళ్ళ మీద ఉండగా ఎవరో వెనుకనుండి చొక్కా అంచు పట్టి లాగారు. కళ్ళు తెరిచి చూస్తే మా సండే స్కూలు పిల్ల. ఆరవ తరగతి చదువుతున్నది. ఆ వేళకు బడిలో ఉండవలసినది.

“అయ్యగారూ, కాలేబుకి రక్తం పోతోంది” అని బావురుమన్నది.

అది 2023 జనవరి 20వ తేది. సంక్రాంతి వెళ్ళి ఇంకా వారము కాలేదు.

కాలేబు కుక్కపిల్ల. 2022 క్రిస్మస్ ముందు మందిరానికి సున్నము వేయిస్తున్నప్పుడు, వరండాలో మడత పెట్టి ఉంచిన షామియానా గుడ్డల సందున పిల్లలకు దొరికింది. తల్లి కుక్క గుడివాడ రోడ్డు మీద లారీ క్రింద పడి చనిపోయింది. ఉన్న మూడు పిల్లలలో రెంటిని ఎవరో తీసుకొనిపోగా ఇది మిగిలినది. పిల్లలు ఇంటికొక పూట చొప్పున పాలు తెచ్చి పోశారు. పేరు పెట్టమని మమ్మును అడిగితే కాలేబు అన్నాము. సంఘ పెద్దలలో ఒకరికి అది నచ్చలేదు. “వాగ్దాన దేశమును చూచి వచ్చినవాని పేరు కుక్కకా అయ్యగారూ?” అన్నారు. హెబ్రీ భాషలో కుక్క అను మాటకు కాలేబు అను పేరు బహు దగ్గరగా ఉంటుందని వేదాంత విద్య చదివే రోజులలో మా ఉపాధ్యాయులు చెప్పిన సంగతి ఆయనకు వివరించాము. ఆయన నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదనే అనుకుంటాము.

ప్రార్థన మరొక సహోదరునికి అప్పగించి వెళ్ళి చూశాము. మందిరపు మెట్ల ప్రక్కన గోనెసంచి మీద పడి ఉన్నది. రెండు రోజులుగా ఏమీ తినలేదట. పసుపుపచ్చని నురగ కక్కుకున్నది. వెనుకనంతా రక్తము. ఆ వాసన ఒకసారి తగిలితే మరచిపోయేది కాదు. పిల్లలు తమకు తోచిన వైద్యము అప్పటికే చేశారు. మజ్జిగ పోశారు, పసుపు కలిపిన నీళ్ళు పోశారు, ఒకడు తనకు జ్వరమొచ్చినప్పుడు మిగిలిన మాత్ర కూడ తెచ్చాడు. ఆ మాత్ర మాత్రం మేము జేబులో వేసుకున్నాము.

ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరుగారు మంచివారు. గేదెల వైద్యములో చేయి తిరిగినవారు. చూడగానే “పార్వో అండీ” అన్నారు. ఈ వైరస్ లోకములో బయటపడినది 1978లో. అక్కడినుండి కొద్ది కాలములోనే దేశదేశాలకు ప్రాకిందట. పేగుల లోపలి పొరను తినివేస్తుంది, ఒంటిలో తెల్ల రక్తకణాలను తగ్గించివేస్తుంది. ఆరు వారాలు మొదలుకొని ఆరు నెలల లోపు పిల్లలకు ఎక్కువ ప్రమాదము. మనుష్యులకు అంటదు. దానిని చంపే మందు లేదు. సెలైను ఎక్కించి ఒంటిలో నీరు నిలపాలి, వాంతులు ఆపాలి, వేరే సూక్ష్మజీవులు పైబడకుండ ఇంజెక్షన్లు ఇవ్వాలి. అంతలో ఆ ప్రాణి తనంతట తాను తేరుకోవాలి.

“టీకా వేయించారా?” అని అడిగారు.

కుక్కకు వేయించే సూది అంటే పిచ్చికుక్క కాటు జబ్బు రాకుండా వేసేదే అని మేము అనుకొనియున్నాము. ఆరు, ఎనిమిది వారాల వయస్సులోనే దీనికి వేరే టీకా మొదలుపెట్టాలని, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయించాలని ఆ రోజే తెలిసింది.

ఆయన ఒక ఇంజెక్షను చేసి, “ఇక్కడ రాత్రిళ్ళు కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరండీ. గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకుపోవచ్చు. కానీ రోజూ రానూ పోనూ ఈ పిల్ల తట్టుకోదు. టౌన్లో ఉంచుకుని చూసే ప్రైవేటు డాక్టరుగారున్నారు. చేతిలో మూడు వేలన్నా పెట్టుకుని వెళ్ళండి” అన్నారు.

మా చేతిలో ఉన్నది 640 రూపాయలు.

ఇప్పుడు చెప్పబోయేది వ్రాయవలెనా వద్దా అని చాలా కాలము తటపటాయించాము. మందిరపు కప్పు రేకులు పగిలి వానకు కారుతున్నాయి. క్రొత్త రేకుల నిమిత్తము సంఘము కూడబెట్టిన 14,600 రూపాయలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి మా ఇంటి బీరువాలో ఉంచారు. లెక్క పుస్తకము కోశాధికారిగారి దగ్గర, తాళపు చెవి మా దగ్గర. మా సంఘములో అందరూ దాదాపు కూలి పని చేసుకునేవారే. నాట్ల రోజున వచ్చిన కూలిలో పది రూపాయలు, గేదె ఈనితే మొదటి పాల డబ్బు, అట్లా చేరిన సొమ్ము. అందులోనుండి మూడు వేలు తీశాము.

మా శ్రీమతి చూచి, “పెద్దలకు ఒక మాట చెప్పి తీయండి” అన్నది.

“ఆదివారానికల్లా పెట్టేస్తాము కదా” అన్నాము.

ఆటోలో పిల్లను ఒడిలో పెట్టుకొని ఆమె, ప్రక్కన మేము. టౌనులో డాక్టరుగారు పరీక్ష చేసి, అదే జబ్బని చెప్పి, ముందు కాలికి సన్నని సూది పెట్టి సెలైను కట్టారు. “అయిదు రోజులు ఉంచాలి. సగం సగం ఆశ” అన్నారు. అడ్వాన్సు మూడు వేలు కట్టి వచ్చాము.

శనివారము ఉదయమే పిల్లలు సండే స్కూలు కానుకల డబ్బా పట్టుకొని ఊరిమీద పడ్డారు. మమ్మును అడిగి వెళ్ళలేదు. అడిగితే వద్దనేవారమే. కుక్కపిల్ల కొరకు చేయి చాచడమంటే మాకు సిగ్గుగా ఉండినది. చందాల పని మాకు క్రొత్త కాదు. రేకులకు అడిగాము, కన్వెన్షను పందిరికి అడిగాము. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకో చాలాసేపు ఆలోచించాము. మందిరము పేరు చెప్పినప్పుడు అడిగేది మేము కాదు అన్నట్లుండేది. ఇది మా పేరున అడగాలి.

పిల్లలకు అట్లాంటి బాధ లేదు. బజారులో కోడిమాంసపు కొట్టు సాయిబుగారు 500 ఇచ్చి, “రోజూ నా కొట్టు ముందుకొచ్చి కూర్చునేది. రెండు రోజుల్నుంచి రాలేదేంటా అనుకుంటున్నా” అన్నారట. బడి పంతులుగారు 1,000 ఇచ్చి, నిన్న బడి ఎగ్గొట్టినందుకు ఆ అమ్మాయిని చీవాట్లు కూడ పెట్టారట. కువైటులో ఇంటిపనికి వెళ్ళిన మా సంఘపు సహోదరి ఒకతె తన కొడుకు ఫోనులో పంపిన ఫోటో చూచి 2,000 పంపింది. అక్కడ తాను ఉండే ఇంట్లో రెండు పిల్లులకు ఖర్చు పెట్టేది చూస్తుంటే తనకు ఇది ఎక్కువనిపించలేదని చెప్పిందట.

ఆ సాయంకాలము కోశాధికారిగారు దారిలో కలిసి, “అడ్వాన్సుకు డబ్బు ఎట్లా కుదిరింది అయ్యగారూ?” అని అడిగారు.

“దేవుడు సర్దాడు” అన్నాము.

ఈ మాట మా పరిచర్యలో ఎన్నిసార్లు నిజముగా అన్నామో లెక్క లేదు. ఆ సాయంకాలము అన్నది మాత్రము అబద్ధము. ఆ రాత్రి భోజనము సయించలేదు.

ఆదివారము ఆరాధనైన తరువాత ప్రకటనల వేళ, పేరు విషయమై అభ్యంతరపడిన ఆ పెద్దాయనే లేచారు. కోపముగా మాట్లాడలేదు. “పోయిన నెల మన సహోదరుడు కొబ్బరిచెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఈ సంఘం పోగుచేసింది రెండు వేల రెండు వందలు. కుక్కకు వేలు పోస్తున్నాం. బిడ్డల రొట్టె సంగతి వాక్యంలో ఉందా లేదా అయ్యగారూ?” అన్నారు. కుక్క విలువను దేవుని మందిరములోనికి తేకూడదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమును కూడ ఎత్తారు.

ఆ రెండవదానికి మా దగ్గర జవాబున్నది. అక్కడ కుక్క అన్నది జంతువును గూర్చి కాదనియు, అన్యుల గుళ్ళలో అపవిత్రమైన వృత్తి చేయు పురుషులను గూర్చియనియు చాలామంది వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. మొదటి దానికి కనాను స్త్రీ ఇచ్చిన జవాబు అందరికీ తెలిసినదే. కానీ ఆ రెండు వేల రెండు వందలకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పినది నిజము.

అప్పుడు స్త్రీల వరుసలోనుండి ఆ చెట్టు మీదనుండి పడిన సహోదరుని భార్యయే లేచి వచ్చింది. కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు బల్ల మీద పెట్టింది.

“మా ఆయన పడిన కాడ్నుంచి మాతో మాట్టాడట్లేదండీ. ఎవరన్నా పలకరిస్తే గోడవైపు తిరుగుతాడు. ఆ కుక్కపిల్ల మంచం కింద దూరితే మాత్రం దాంతో మాట్టాడతాడు. నిన్నట్నుంచి అది రాలేదేమని నన్నే అడిగాడు. నెల తర్వాత నాతో అన్న మొదటి మాటండీ అది” అన్నది. అని వెళ్ళి కూర్చున్నది.

తరువాత ఒక్కొక్కరే లేచారు. పది, ఇరవై, యాభై. స్త్రీలు ఆ వారము గుప్పెడు బియ్యము అమ్మి ఇద్దామన్నారు. ఆ బియ్యము వచ్చేది మా వంటింటికే గనుక మా శ్రీమతి ముందుగా సరే అన్నది. అంతా బల్ల మీద చేరిన తరువాత కోశాధికారిగారు లేచి నవ్వుతూ, “ముందు అయ్యగారికి మూడు వేలు తీర్చాలి. పాపం తన చేతి డబ్బు పెట్టి కాపాడారు. మనవాళ్ళెవరికీ చెప్పుకోలేదు కూడా” అన్నారు.

సంఘమంతా మావైపు చూచింది. కొందరు స్తోత్రము అన్నారు.

ఆ స్తోత్రము విని ఊరకుండలేకపోయాము. లేచి నిలబడి, అది మా డబ్బు కాదని, రేకుల డబ్బాలోనిదని, ఎవరితోను చెప్పలేదని, నిన్న కోశాధికారిగారితో చెప్పినది అబద్ధమని చెప్పాము. ఇరవై ఏళ్ళకు దగ్గరగా ప్రసంగాలు చేస్తున్నాము గాని ఆ నాలుగు మాటలు చెప్పడానికి పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. మందిరములో ఫ్యాను చప్పుడు వినిపించింది. మాటాడినది ఆ పెద్దాయనే.

“డబ్బా తెప్పించండి.”

మా శ్రీమతి వెళ్ళి తెచ్చింది. అందరి ఎదుట లెక్కపెట్టారు. 11,600 ఉన్నవి. బల్ల మీదనుండి మూడు వేలు తీసి అందులో వేసి, డబ్బా కోశాధికారిగారికి ఇచ్చారు. తాళపు చెవి తన దగ్గర పెట్టుకున్నారు. ఈనాటికీ అట్లే జరుగుచున్నది. మాకు అది అవమానమనిపించలేదని చెప్పితే నమ్మవద్దు. చాలా అవమానమనిపించింది. అయితే అది మొదటినుండి ఉండవలసిన పద్ధతి.

పెద్దాయన కుక్కపిల్ల నిమిత్తము ఒక్క రూపాయి ఇవ్వలేదు. జేబులోనుండి 1,000 తీసి, “ఇది దానికి కాదు, వాడి తుంటికి” అని వేరుగా పెట్టారు. ఆ మాటతో మరుసటి ఆదివారము ఆ సహోదరుని పేరున మరల కానుక పట్టాము. 6,400 వచ్చింది. పోయిన నెల 2,200 ఇచ్చినవారే, అదే జేబులు. ఆ మొదటిసారి మేము సరిగా అడగలేదేమో.

ఇక కాలేబు సంగతి. మూడవ రోజుకు వాంతులు ఆగాయి. నాలుగవ రోజు చెంచాడు గంజినీళ్ళు నిలిచాయట. అయిదు రోజులు నిండిన తరువాత తెచ్చుకున్నాము. ఎముకలు లెక్కపెట్టవచ్చును, తోక మాత్రం ఆడుతున్నది. దాని మలములోనుండి ఆ వైరస్ ఇంకా కొంతకాలము బయటకు వస్తుందని, నేలమీద నెలల తరబడి చావకుండా ఉంటుందని డాక్టరుగారు హెచ్చరించారు. అందుచేత పంచాయతీవారి దగ్గర బ్లీచింగ్ పౌడరు అడిగి తెచ్చి మెట్లు, వరండా కడిగించి, పెరటిలో కట్టివేసి ఉంచాము. ఆ సహోదరుని మంచము క్రిందికి వెళ్ళడానికి మరి మూడు వారాలు పట్టింది. అంతవరకు పిల్లలు రోజూ వెళ్ళి ఆయనకు సమాచారము చెప్పి వచ్చేవారు. ఆయన వారితో కూడ మాట్లాడడం మొదలుపెట్టాడు.

కోశాధికారిగారు మాత్రం మాతో మాట్లాడలేదు. ఆరాధనకు వచ్చేవారు, కానుకలు లెక్క పెట్టేవారు, వందనము చెప్పి వెళ్ళేవారు. అంతే. మమ్మును పొగడబోయి నలుగురిలో చిన్నబోయిన మనిషి ఆయన. ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాము. తల ఊపారు.

రెండు వారాల తరువాత ఒక సాయంకాలము పుస్తకము చంకలో పెట్టుకొని వచ్చి మా గుమ్మములో కూర్చున్నారు. క్రొత్త పేజీ తీసి, పైన “కాలేబు ఖాతా” అని వ్రాసియున్నారు. పిల్లల డబ్బా 1,865. ఆదివారపు కానుక 1,935. బియ్యము 14 కిలోలు, 490. పంతులుగారు, సాయిబుగారు, కువైటు సహోదరి కలిపి 3,500. మొత్తము 7,790. ఖర్చు వైపు ఆసుపత్రి 5,500, పరీక్ష 700, మందులు 650, ఆటో 500. మొత్తము 7,350. మిగిలినది 440. దానిని టీకాకు ఉంచమని పిల్లలు అడిగారని క్రింద చిన్న అక్షరాలతో వ్రాశారు.

మేము చదివి, సరిగా ఉన్నదని చెప్పి, సంతకము చేయబోయాము. ఆయన పుస్తకము మీద చేయి అడ్డముగా పెట్టారు.

“ఆటోకి రసీదేది అయ్యగారూ?”

ఆటోవాళ్ళు రసీదు ఇవ్వరు కదా అన్నాము. తెల్లకాగితము మీద వ్రాయించి, ఆటో అబ్బాయితో సంతకము పెట్టించుకొని రండి, అప్పటివరకు నేను ఇక్కడే కూర్చుంటాను అన్నారు. చెప్పులు వేసుకొని బయలుదేరాము. మా శ్రీమతి లోపలినుండి ఆయనకు టీ తెస్తున్నది. కాలేబు పెరటిలో మొరుగుతున్నది.