రక్తంలో ఉన్నా కణానికి అందనిది

‘ఏం తినిపించమంటారు డాక్టర్ గారూ?’ రక్తహీనత ఉన్న పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు ముందుగా అడిగేది ఇదే. అప్పటికే బీట్‌రూట్, ఖర్జూరం, నువ్వుల ఉండలు అన్నీ అయిపోయి ఉంటాయి. చాలామందికి ఐరన్ మాత్రో, బి12 సూదో సరిపోతుంది. ఎన్ని ఇచ్చినా హిమోగ్లోబిన్ కదలని పిల్లలూ అప్పుడప్పుడు వస్తారు.

అలాగే ఒక పాప వచ్చింది. పసితనం నుంచే షుగర్, రోజూ ఇన్సులిన్. చెవికి మెషిన్. హిమోగ్లోబిన్ 6. ఎర్రకణాలు ఉండాల్సిన దానికన్నా పెద్దగా ఉన్నాయి. అలాంటప్పుడు ముందు అనుమానించేది బి12, ఫోలిక్ యాసిడ్ లోపాలనే. రెండూ నార్మల్. ఎముక మజ్జ స్లైడు చూస్తే, ఎదగని ఎర్రకణాల్లో కేంద్రకం చుట్టూ ఇనుము నీలి చుక్కలుగా, ఉంగరంలా పేరుకుని ఉంది. షుగర్ ఫైలు ఒక డాక్టరు దగ్గర, చెవి ఫైలు ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి.

‘మీది మేనరికమా అమ్మా?’

‘అవునండీ, మా మేనమామనే చేసుకున్నా.’

షుగర్, చెవి, రక్తం, మూడు ఫైళ్లూ ఒకే జబ్బువి. 1969లో తొలిసారి వర్ణించిన ఈ జబ్బుకు కారణమైన జన్యువు 1999లో దొరికింది. థయమిన్ అనే బి1 విటమిన్‌ను కణంలోకి చేరవేసే ప్రోటీన్ ఈ పిల్లల్లో పనిచేయదు. రక్తంలో బి1 ఉంటుంది, కణానికి అందదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, సరిగ్గా అదే. చాలా అవయవాలకు రెండో ప్రోటీన్ ఆసరా ఉంది. మజ్జకు, ఇన్సులిన్ చేసే కణాలకు, లోపలి చెవికి ఆ ఆసరా చాలదు. పైగా మజ్జ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారుచేయాలి. కొత్త కణానికి డీఎన్ఏ కావాలి. అందుకు కావలసిన చక్కెర తయారీలో బి1 అవసరం.

ఈ ప్రోటీన్‌కు తోబుట్టువు లాంటిది మరొకటి ఫోలేట్‌ను మోస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ అనే మందు క్యాన్సర్ కణంలోకి దూరేది ప్రధానంగా దాని గుండానే.

పెద్దవాళ్లకు రోజుకు మిల్లీగ్రాము చిల్లర బి1 చాలు. పాపకు 75 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. అంత మోతాదులో ఇస్తే పక్కదారుల్లోనైనా కొంత లోపలికి చేరుతుంది. రెండు వారాల్లో కొత్త కణాలు కనిపించాయి, తర్వాత రక్తం ఎక్కించే పని పడలేదు. ఇన్సులిన్ మోతాదు తగ్గింది. వినికిడి మాత్రం తిరిగి రాలేదు. మాత్ర ఆపితే రక్తహీనత మళ్లీ వస్తుంది.

కరోనా రోజుల్లో మొదలుపెట్టిన జింక్ మాత్రలు ఆపకుండా మింగిన ఒక పెద్దాయనది ఇందుకు తిరగబడిన కథ. తెల్లకణాలు పడిపోయాయి, మజ్జ రిపోర్టు క్యాన్సర్‌కు ముందు దశేమోనన్నది. నిజానికి ఆయన ఒంట్లో రాగి లేదు. జింక్ ఎక్కువైతే పేగు కణాలు రాగిని పట్టేసుకుని, రాలిపోతూ దాన్ని మలంలోకి తీసుకుపోతాయి. జింక్ ఆపి రాగి ఇచ్చాక కౌంట్లు కోలుకున్నాయి.

మజ్జలోని మూలకణాల తిండి లెక్క ఇంకా చిత్రం. తమ నుంచి పుట్టిన కణాల కన్నా అవే ఎక్కువ విటమిన్ సి లోపలికి తీసుకుంటాయని, అది కొరవడితే ల్యూకేమియా త్వరపడుతుందని 2017లో ఎలుకల్లో తేలింది.

అందుకే తిండి గురించి అడిగాక ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాను. షుగర్ ఉందా? పిలిస్తే పలుకుతుందా? మేనరికమా? సొంతంగా కొని మింగుతున్న మాత్రలేమిటి? వీటికి ఖర్చేమీ లేదు. జవాబు దొరికితే ఎన్నో సంచుల రక్తం మిగులుతుంది.