గొంతు ఒకటే, పెదాలు రెండు

మా మెహఫిల్‌కి షరతులు రెండే. పల్లవి రాయకూడదు, గూగుల్‌ని అడగకూడదు. రెండో షరతు ఎవరు ఎంత పాటిస్తున్నారో ఖుదాకే ఎరుక.

మొత్తం పదకొండు మందిమి. ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు, గుంటూరు డాక్టరమ్మ, డల్లాస్‌లో ఒక కుర్రాడు, ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ పనిచేసే తమ్ముడు ఒకడు, షేక్‌పేటలో నేను, ఇంకా కొందరు. అందరిదీ ఒకటే పిచ్చి, పాత సినిమా పాట. వాట్సాప్‌లో రాత్రికొకరు ఒక పహేలీ వెయ్యాలి, మిగతావాళ్ళు విప్పాలి. ఇషా నమాజు అయ్యాక ఫోను తెరిస్తే సవాల్ తయారుగా ఉంటుంది.

ఒకటి రెండు చూపిస్తే గానీ ఇందులో మజా తెలీదు. "లక్నో మఖ్మల్‌తో తెలుగు అంగీ కుట్టిన దర్జీ ఎవరు?" మఖ్మల్ లాంటి గొంతు అంటే తలత్ మహమూద్. ఆయనది లక్నో. ఆ గొంతుతో తెలుగు పాడించింది రమేష్ నాయుడు, 1959లో 'మనోరమ'కి. ఇంకోటి: "గాలిబ్‌ని తెలుగువాళ్ళకి పరిచయం చేసిన కవి, ఇద్దరు దోస్తుల గుమ్మం మీద రాసిన ఉర్దూ మాట ఏది?" కవి దాశరథి, 'గాలిబ్ గీతాలు' రాసినాయన. దోస్తులు 1961 నాటి 'ఇద్దరు మిత్రులు'. అందులో ఆయన రాసిన ఒక పాట మొదలయ్యేదే 'ఖుషీ' అనే మాటతో. మా అమ్మీ ఇంట్లో రోజూ వాడే మాట, రేడియోలో తెలుగు పాట గడప మీద నిలబడి ఉండేది.

డాక్టరమ్మ వేసినది ఇంకా గట్టిది. "తన సొత్తు వెళ్ళిన ఇంటికి పాతికేళ్ళ తర్వాత తనే వచ్చిన అనార్కలి నాన్న?" హిందీ 'అనార్కలి' 1953లో వచ్చింది, బాణీలు సి. రామచంద్రవి. రెండేళ్ళకి తెలుగు 'అనార్కలి' వచ్చింది. సంగీతం ఆదినారాయణరావుది, కానీ జిక్కి పాడిన ఒక పాటలో రామచంద్ర బాణీ సరాసరి నడిచొచ్చింది. మళ్ళీ 1970ల చివర్లో ఎన్టీఆర్ 'అక్బర్ సలీం అనార్కలి' తీసినప్పుడు సంగీతానికి ఆ రామచంద్రనే పిలిచారు. పాటలు సినారె రాశారు. ఆయన బళ్ళో చదువుకున్నది ఉర్దూ మీడియంలో. ఇట్లా ఒక్క పహేలీ విప్పితే బొంబాయి, మద్రాసు, కరీంనగర్ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటాయి. పాట పేరు ఫోను కూడా మూడు సెకన్లలో చెప్పేస్తుంది. పాట నడిచొచ్చిన రాస్తా చెప్పడానికి మనిషి కావాలి.

జూలై 31న సవాల్ వేసే వంతు ఎవరిదైనా, సవాల్ మాత్రం రఫీ సాబ్ మీదే ఉండాలని మా రివాజు. ఆయన 1980లో పోయింది ఆ రోజే. పోయినేడు మేనేజరు గారు వేశారు: "గొంతు ఒకటే, పెదాలు రెండు. ఏడేళ్ళ ఎడం. రెండు చోట్లా హీరో ఇద్దరు."

సౌండ్ తమ్ముడు పది నిమిషాల్లో విప్పాడు. హీరో ఇద్దరంటే డబుల్ యాక్షన్. 1962లో 'చైనా టౌన్', షమ్మీ కపూర్. అదే కథ 1969లో 'భలే తమ్ముడు', ఎన్టీఆర్. అక్కడ షమ్మీ పెదాల మీద ఉన్న రఫీ గొంతే ఇక్కడ ఎన్టీఆర్ పెదాల మీదకి వచ్చింది. నేను ఇంకో జత కలిపాను. 1970లో హిందీ 'గీత్', 1976లో దాన్నే తెలుగులో తీసిన 'ఆరాధన'. అక్కడ రఫీ ఏ బాణీలో ప్రియురాల్ని పిలిచాడో, ఇక్కడా అదే బాణీలో, అదే గొంతుతో పిలిచాడు.

వాహ్ వాహ్ లు పడుతున్నాయి. ఇంతలో ఒకాయన రాశారు: "అంతా బాగుంది గానీ, పాపం తురక తెలుగు." పక్కన నాలుగు నవ్వు బొమ్మలు.

మెహఫిల్ ఖామోష్ అయిపోయింది. నేనూ ఏమీ రాయలేదు. కోపం వచ్చి కాదు. ఆ మాట అప్పటికి ఆరు నెలల ముందే మా ఇంటికి వచ్చి ఉంది.

మా చెల్లెలి కొడుకు పుట్టింది నరసరావుపేటలో, చదివింది తెలుగు మీడియంలో. వేమన పద్యం ఎత్తుకుంటే ఆపడు. గొంతు బాగుందని డబ్బింగ్ చెప్పడానికి ఫిల్మ్‌నగర్ తిరుగుతున్నాడు. ఒక డబ్బింగ్ థియేటర్‌లో వాడికి సలీం అనే మెకానిక్ పాత్ర ఇచ్చారు. వాడు వాడి తెలుగులో చెప్పాడు. "మరీ శుద్ధంగా ఉంది భాయ్, కొంచెం తురక యాస కలుపు" అన్నారు. రాని యాసని వాడు సినిమాలు చూసి నేర్చుకుని వెళ్ళాడు. నిమ్మల్కీ నమ్మల్కీ అని చెప్పి పైసలు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. వాళ్ళమ్మ నవ్వలేదు.

రఫీ సాబ్ తలఫ్ఫుజ్ దోషం లేనిదని నేను అనను. కొన్ని అక్షరాలు జారతాయి, కొన్ని అచ్చులు సాగుతాయి. అమృత్‌సర్ దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, పరాయి జుబాన్‌ని చెవితో పట్టుకుని పాడాడు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ పెదాల సంగతి. ఎన్టీఆర్ అంటే తెలుగు ఉచ్చారణకి కొలబద్ద. 'దానవీరశూరకర్ణ' డైలాగులు పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు. 1969 నాటికి ఘంటసాల ఉన్నారు, పాడుతున్నారు. అయినా ఆ మనిషి పెదాల మీద రఫీ లహజా ఒకసారి కాదు, చాలాసార్లు కూర్చుంది. జనం ఆ పాటలు పాడుకున్నారు. ఆ లహజా వల్ల ఆయన తెలుగుదనం తులమైనా తగ్గిందని ఎవరూ అనుకోలేదు. తర్వాత ఆయన తెలుగువాళ్ళ ఆత్మగౌరవం పేరు మీదే పార్టీ పెట్టి గెలిచారు.

ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కి వెనక్కి చూస్తే కింద మా షేక్‌పేట మిద్దెలు, వాటి అవతల కుతుబ్ షాహీ గుంబజ్‌లు. అందులో ఒక గుంబజ్ కింద ఇబ్రహీం కుతుబ్ షా నిద్రపోతున్నాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితం ఇచ్చాడు. తెలుగు కవులు ఆ పాదుషాని మల్కిభరాముడన్నారు. పేరునే తెలుగు చేసుకున్నారు. ఆయన యాస ఎట్లా ఉండేదో ఎవరూ రాసిపెట్టలేదు.

సినిమాలోనూ అంతే. 'అనార్కలి'లో అక్కినేని సలీం చక్కటి తెలుగు మాట్లాడాడు. తలమీద తాజ్ ఉన్న సలీం ఎప్పుడూ శుద్ధ తెలుగే. టోపీ ఉన్న సలీం దగ్గరికి వచ్చేసరికే యాస కావాలి.

మర్నాడు మేనేజరు గారు ముందు రోజు ఊసెత్తకుండా కొత్త పహేలీ వేశారు. "షేక్‌ల ఇంట పుట్టి తందాన అంటే ఆంధ్రమంతా తాన అంది. 1986లో ఢిల్లీ కూడా అంది." నవ్వు బొమ్మలు పెట్టినాయనే అందరికన్నా ముందు జవాబిచ్చారు. "పద్మశ్రీ షేక్ నాజర్ గారు. బుర్రకథ." కాసేపాగి ఇంకో లైను రాశారు. "నేను తెలుగు మాట్లాడటం ఆయన కథలు వింటూ నేర్చుకున్నాను." నేను "షుక్రియా సార్" అని పెట్టాను. అంతకన్నా ఎక్కువ ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వారం నా వంతు వచ్చినప్పుడు నేను వేసిన సవాల్ ఇది: "పేరు సలీం. పని మెకానిక్. ఇల్లు షేక్‌పేట. మాట్లాడేది మీరూ నేనూ మాట్లాడే తెలుగు. సినిమా ఏది?"

పదిమందీ రెండు రోజులు వెతికారు. ఎవరెవరో ఏవేవో పేర్లు చెప్పారు, వాళ్ళే కొట్టేశారు. చివరికి డాక్టరమ్మ "ఇంకా తియ్యలేదేమో భాయ్" అన్నారు.

సౌండ్ తమ్ముడు మాత్రం, "తీస్తే డబ్బింగ్ మా దగ్గరే. గొంతు ఎవరిదన్నా ఉంటే చెప్పన్నా" అని రాశాడు. మా మేనల్లుడి నంబరు పంపాను.